గుండెలో అడ్డంగా ఒక దారం

నాలుగు రోజుల కిందట చనిపోయిన మనిషి గుండె తెర మీద కొట్టుకుంటోంది.

ఫిల్మక్క స్టూలు మీద ముందుకు వంగి దాన్నే చూస్తోంది. ఎకో గదిలో కిటికీకి దళసరి పరదా. బయట సోమవారం పొద్దు పదిన్నర దాటింది, లోపల మాత్రం నీళ్ళ అడుగున కూర్చున్నట్టు నీలం చీకటి. తెర నిండా బూడిదరంగు మంచు. ఆ మంచులో గుండె ముడుచుకుంటోంది, విచ్చుకుంటోంది. కవాటాల రెక్కలు నిద్దట్లో ఎవరో చెయ్యి ఊపుతున్నట్టు ఊగుతున్నాయి. చూడగా చూడగా తన గుండె కూడా ఆ వరసకే కొట్టుకుంటోందేమో అనిపించింది ఆమెకి.

"ఇది మాస్టారి గుండేనా తమ్ముడూ?"

"ఆయన పేరు మీదే ఉంది కదక్కా," అన్నాడు ఎకో తీసే టెక్నీషియను. నలభై దాటిన మనిషి. చేతికి ఎప్పుడూ జెల్లు అంటుకునే ఉంటుంది గనక ఆస్పత్రంతా అతన్ని జెల్లు బాబాయి అంటుంది.

"పేరు సంగతి అడగలేదు. గుండె సంగతి అడిగాను."

జెల్లు బాబాయి ఛాతీకి ఆనించే ప్రోబుని కాగితంతో తుడవడం మొదలుపెట్టాడు. అది అప్పటికే శుభ్రంగా ఉంది.

ఫిల్మక్క ముప్పై ఏళ్ళు ఎక్స్‌రే డార్క్‌రూములో ఎర్ర బల్బు కింద ఫిల్ములు కడిగింది. పేరు అలా వచ్చిందే. తొట్టిలో మందునీళ్ళలోంచి ఎముకలు మెల్లగా పైకి తేలడం చూసీ చూసీ ఆమెకి ఒక అలవాటు పట్టుకుంది. దేన్నీ తొందరపెట్టదు. చూస్తూ కూర్చుంటే తేలాల్సింది తేలుతుంది. డార్క్‌రూములు మూతపడ్డాక ఈ పని పెట్టుకుంది. ఆస్పత్రుల్లో అన్యాయంగా ఇరుక్కున్న ఆయాలు, నర్సులు, వార్డు బాయ్‌ల తరఫున తిరగడం. చదివింది ఎనిమిదో తరగతి. మిగతాదంతా డాక్టర్లు పారేసిన పుస్తకాల్లోంచీ, వాళ్ళు ఒకళ్ళనొకళ్ళు తిట్టుకునేప్పుడు తలుపు పక్కన నిలబడీ నేర్చుకుంది.

కేసు పొట్టిది. బ్యాండులో బాకా ఊదే ఒక మాస్టారికి కిడ్నీ క్యాన్సరు వచ్చింది. ఇమ్యూనోథెరపీ మొదలుపెట్టారు. అది క్యాన్సరుని తానే చంపే మందు కాదు. ఒంట్లో కాపలా కాసే కణాల గొలుసు విప్పే మందు. గొలుసు విప్పగానే అవి దొంగ మీద పడతాయి. కొద్దిమందిలో మాత్రం ఇంటివాళ్ళ మీద కూడా పడతాయి. ఊపిరితిత్తులు వాస్తాయి, గుండె కండ వాస్తుంది. బయటికి కనిపించేది కాస్త ఆయాసం, కాస్త దగ్గు, అంతే. అందుకే ఈ ఆస్పత్రిలో ప్రతి డ్రిప్పుకీ ముందు ఎకో తీసి, ఛాతీ స్కాను తీసి చూడాలని నియమం పెట్టుకున్నారు.

గురువారం మాస్టారికి రెండో డ్రిప్పు. ఎకో రిపోర్టులో 'నార్మల్, పంపింగు అరవై రెండు' అని రాసి ఉంది. పదకొండింటికి డ్రిప్పు పెట్టారు. నాలుగింటికి ప్రాణం పోయింది. మరి తప్పు ఎవరిదో ఒకరిది కావాలిగా! పెద్ద కుర్చీల దగ్గర బయల్దేరిన తప్పు మెట్టు మెట్టూ దిగి, చివరికి డ్రిప్పు పట్టుకున్న చేతి దగ్గర ఆగింది. కింద ఇంకెవరూ లేరు కాబట్టి ఆగింది. అరగంటలో ఎక్కాల్సిన మందుని నర్సు పావుగంటలో ఎక్కించేసిందనీ, అందుకే గుండె ఆగిందనీ తేల్చారు. నేను మొదలుపెట్టిన టైము ఆలస్యంగా రాసుకున్నానండీ, వార్డులో నలుగురికి ఒక్కదాన్నే అని ఆ పిల్ల మొత్తుకుంది. ఎవడు వింటాడు? ఇవాళ మధ్యాహ్నం పన్నెండింటికి ఫైలు పోలీసులకి వెళ్తుంది.

నర్సు తరఫున ఫిల్మక్కని పిలిపించింది వాళ్ళ అత్తగారు.

"మా కోడలికి మనుషుల్ని చంపే గుణమే ఉంటే ముందు నన్ను చంపేదమ్మా. పన్నెండేళ్ళ బట్టీ ఒకే వంటింట్లో ఏడుస్తున్నాం," అందావిడ.

ఇంత గట్టి సాక్ష్యం ఫిల్మక్క తన జన్మలో వినలేదు. కేసు ఒప్పుకుంది. అత్తా కోడళ్ళిద్దరూ ఇప్పుడు తలుపు బయట బెంచీ మీద ఉన్నారు.

"ఎకో తీసింది ఎన్నింటికి?" అని అడిగింది జెల్లు బాబాయిని.

"బొమ్మ మీద ఉంటుందక్కా. ఏడు యాభై రెండు."

"గేటు దగ్గర పుస్తకంలో మాస్టారు లోపలికొచ్చింది ఎనిమిదీ ఇరవై అయిదుకి. ఆయన రాకముందే ఆయన గుండె వచ్చి కూర్చుందా?"

"మెషీను గడియారం వెనకుంటుందిలే అక్కా..."

"ముప్పై మూడు నిమిషాలా? సరే, వెనకుందనే అనుకుందాం. గుండె కొట్టుకునే లెక్క కూడా ఉంది చూడు మూలన. నిమిషానికి యాభై ఎనిమిది. వార్డులో నర్సు తొమ్మిదింటికి రాసింది నూట నాలుగు. మెట్లెక్కాడా? ఎక్కలేదు. చక్రాల కుర్చీలో తెచ్చారు."

అతను ప్రోబు మళ్ళీ తుడిచాడు.

తలుపు తెరుచుకుంది. వెలుతురు తెగిపడినట్టు నేల మీద పడింది. విచారణాధికారి వచ్చాడు. పోలీసు ఉద్యోగం దిగి ఈ ఆస్పత్రిలో చేరిన మనిషి. ఏ కాగితం ముందు పెట్టినా చదివేలోపే ముద్ర వేస్తాడని ఆస్పత్రిలో స్టాంపు సారు అని పేరు పెట్టారు.

"ఏవమ్మా ఫిల్ములూ! శవపరీక్ష అయిపోయింది, అంత్యక్రియలు అయిపోయాయి. ఇంకా సినిమా చూస్తున్నావా?"

"హీరో చచ్చిపోయినా సినిమా నడుస్తోంది సార్. అదే అర్థం కావడం లేదు. శవపరీక్షలో గుండె కండ ముక్క పరీక్షకి పంపారుగా, అదెక్కడ?"

"వస్తుంది. మూడు వారాలు పడుతుంది."

"పన్నెండింటికి పోలీసులు, మూడు వారాలకి నిజం. బాగుంది వరస."

స్టాంపు సారు ఫైలు బల్ల మీద కొట్టాడు. "గుండె జబ్బు ముందే ఉందని నీ వాదన. ఎకో ఏమంటోంది? నార్మల్. బోర్డు మీద ఉన్న పెద్ద డాక్టరు సంతకం. నీ గడియారాలూ, నీ నాడి లెక్కలూ కోర్టులో నిలబడవు. పడుకుంటే నాడి దిగుతుంది. గడియారం తప్పవుతుంది. సంతకం తప్పు కాదు."

"నలభై రిపోర్టులకి ఒక్క ఊపులో పెట్టిన సంతకం సార్ అది. సరే, ఇదేమంటారు?" ఫిల్మక్క సంచిలోంచి సీటీ ఫిల్ము తీసింది. కిటికీ పరదా జానెడు పక్కకి లాగి వెలుగుకి ఎదురుగా పట్టుకుంది.

నల్లటి ఊపిరితిత్తులు రెండూ గాలిలో వేలాడాయి. పై భాగం తేటగా ఉంది. కింది భాగంలో మాత్రం పొద్దున్నే అద్దం మీద ఎవరో ఊది వదిలిపెట్టినట్టు తెల్లటి మసక. వెనకున్న రక్తనాళాలు ఆ మసకలోంచి కనిపిస్తూనే ఉన్నాయి, నిద్రలో విన్న మాటల్లా. ఆ ఊపిరితోనే బాకా ఊదేవాడు కాబోలు అనుకుంది ఆమె. ఒక్క క్షణం ఎక్కడో పాట మొదలవబోతూ ఆగినట్టు అనిపించింది.

"గురువారం ఎనిమిదీ యాభైకి తీసిన స్కాను. రిపోర్టులో కఫం అని రాశారు. నిన్న నేను ఊపిరితిత్తుల డాక్టరమ్మ దగ్గరికి పట్టుకెళ్ళాను. ఇది కఫం కాదు, ఈ మందు వల్ల వచ్చే వాపులా ఉందని రాసిచ్చింది, సంతకంతో. మీకు సంతకాలంటే ఇష్టం కదా. ఇంకోటి. ఈ రిపోర్టులో ఆఖరి లైను చదివారా?"

"చదివా."

"ఏముంది?"

స్టాంపు సారు ఫైల్లో కాగితాలు తిరగేశాడు.

"గుండె చుట్టూ కాస్త నీరు చేరింది అని ఉంది. ఆఖరి లైను దాకా ఈ ఆస్పత్రిలో ఎవరూ రారు, తెలుసు నాకు. ఇప్పుడు తెర చూడండి. ఈ గుండె చుట్టూ నీరెక్కడ? చుక్క లేదు. అదే మనిషి, అదే పొద్దు. స్కానులో నీళ్ళున్నాయి, ఎకోలో లేవు. మాస్టారికి రెండు గుండెలున్నాయా సార్?"

ఆయన ముఖం ఎర్రబడింది. అప్పుడు వచ్చిన మాట మాత్రం ఫిల్మక్క ఎదురుచూసింది కాదు.

"నువ్వు నర్సుని కాపాడ్డానికి మందు మీద పడుతున్నావు. రేపు పేపర్లో వస్తుంది, మందు మనుషుల్ని చంపుతోందని. జనం మానేస్తారు. మా ఆవిడ ఇదే మందు మీద ఉందమ్మా! లంగ్ క్యాన్సరు. ఆర్నెల్లు అన్నారు. ఏడాదిన్నర అయింది. మధ్యలో ఆపి, మళ్ళీ మొదలుపెట్టారు. ఆ లెక్కలో ఇవాళ మూడోది, పదకొండున్నరకి, పైన రెండో అంతస్తులో. పొద్దున్నే ఇక్కడే ఎకో తీశారు. బ్రహ్మాండంగా ఉందన్నారు. ఈ మందే లేకపోతే..." ఫైలు చంకలో పెట్టుకున్నాడు. "నా ఇల్లు నిలబెట్టిన మందుని నువ్వు హంతకుడంటే నేను ఊరుకోను."

ఫిల్మక్క పరదా వదిలేసింది. గది మళ్ళీ నీళ్ళ అడుగుకి వెళ్ళిపోయింది.

"నేను మందుని ఏమీ అనలేదు సార్," అంది మెల్లగా. "గొలుసు విప్పినవాడు కాపలా కుక్కని ఓ కంట కనిపెట్టాలి అంటున్నాను. కనిపెట్టే కన్ను ఈ గది. ఈ కన్ను ఏం చూసిందో అడుగుతున్నాను."

మళ్ళీ తెర వైపు తిరిగింది. చూస్తూ కూర్చుంది. గుండె ముడుచుకుంటోంది, విచ్చుకుంటోంది. మంచు కురుస్తోంది. తొట్టిలో ఫిల్ము కోసం కాచుకుని కూర్చున్న రోజులు గుర్తొచ్చాయి. అప్పుడు తేలింది. గుండె లోపలి పెద్ద గదిలో, ఈ గోడ నించి ఆ గోడకి, అడ్డంగా ఒక సన్నటి గీత. గుండె ముడుచుకున్నప్పుడు వదులవుతోంది, విచ్చుకున్నప్పుడు బిగుసుకుంటోంది. ఎవరో ఇంట్లో బట్టలారేయడానికి కట్టి మరిచిపోయిన తాడులా ఉంది.

"తమ్ముడూ, ఆ దారమేమిటి?"

జెల్లు బాబాయి చూశాడు. "అది... కొందరికి పుట్టుకతోనే ఉంటుందక్కా. ప్రమాదం లేదు."

"మాస్టారికి మూడు వారాల కింద మొదటి డ్రిప్పుకి ముందు కూడా ఎకో తీశారు. దాన్ని పక్కన పెట్టు."

పెట్టాడు. పాత గుండె కాస్త పెద్దది, కాస్త నెమ్మది. గది అంతా ఖాళీ. దారం లేదు.

"దారమేమిటి, తాడేమిటి! మూడు వారాల్లో మొలిచి ఉంటుంది," అన్నాడు స్టాంపు సారు.

"పుట్టుకతో వచ్చేది మూడు వారాల కింద ఎలా మొలుస్తుంది సార్? మాస్టారు అప్పుడే పుట్టాడా?" ఫిల్మక్క జెల్లు సీసా అందుకుని జెల్లు బాబాయి చేతిలో పెట్టింది. "తమ్ముడూ, చొక్కా బొత్తాలు తియ్యి."

"అక్కా..."

"తియ్యి నాయనా. బయట బెంచీ మీద ఓ ఆడపిల్ల కూర్చుని ఉంది. పన్నెండింటికి దాన్ని జీపెక్కిస్తారు. దానికి ఎనిమిదేళ్ళ కూతురుంది. నీ బొత్తాం కంటే అది బరువు కదూ?"

అతను బొత్తాలు తీశాడు. కుడిచేత్తో ప్రోబు పట్టుకుని, కూర్చున్నచోటే ఎడమ రొమ్ము కింద ఆనించుకున్నాడు. ఆ పట్టులో తడబాటు లేదు. వందలసార్లు చేసిన పని. తెర మీద మంచు చెదిరి, చిక్కబడి, ఒక గుండె విచ్చుకుంది.

అడ్డంగా దారం.

ఒక మనిషి తన గుండెని తానే చూస్తూ ఏడవడం ఫిల్మక్క అదే మొదటిసారి చూడడం.

"రోజూ పొద్దున్నే మెషీను సరిగ్గా ఉందో లేదో చూసుకోవాలక్కా," అన్నాడు. "పేరు లేందే మెషీను తెరుచుకోదు. అందుకని లిస్టులో మొదటి పేరు తెరిచి, నా మీదే రెండు బొమ్మలు తీసుకుంటాను. గురువారం ఆ మొదటి పేరు మాస్టారిది. మా గురువుగారు అలాగే చేసేవారు, ఆయన గురువు కూడా. తర్వాత అసలు మనిషి వస్తాడు, అదే పేరులో తీస్తాం. పదిమంది అయ్యాక నావి చెరిపేస్తాను."

"ఏవి నీవో, ఏవి వాళ్ళవో ఎలా తెలుస్తుంది?"

"నావి మసగ్గా ఉంటాయి. కూర్చుని తీసుకుంటాను కదా. పేషెంటు ఎడమ పక్కకి తిరిగి పడుకుంటాడు, తేటగా వస్తాయి. చిన్న చిన్న బొమ్మలు వరసగా ఉంటే చూడగానే తెలిసిపోతుంది. మసగ్గా ఉన్నవి చెరిపేస్తాను..." ఆగిపోయాడు. నోరు తెరుచుకునే ఉండిపోయింది.

"మాస్టారు పడుకోగలిగాడా?"

"లేదక్కా. ఆయాసం. కూర్చోబెట్టే తీశాను. పక్కటెముకలు అడ్డం వచ్చాయి. నావాటి కంటే మసగ్గా వచ్చాయి. కొలతలు డాక్టరుగారు తర్వాత చూసుకుంటారు కదా అని..."

"చెరిపినవి పోతాయా?"

"వారం దాకా మెషీనులోనే ఉంటాయి."

మెషీను చెత్తబుట్ట తెరిచాడు. గురువారం, ఎనిమిదీ ముప్పై ఆరు. మసక బొమ్మ. దాన్ని నడిపించాడు. మంచులో ఏదో పెద్దది, ఉబ్బింది, ముడుచుకోవాలని తలచుకుని మరిచిపోతున్నట్టుంది. చుట్టూ నల్లటి పట్టీ, నీరు. పక్కన అంకె నూట ఆరు. బాకా మాస్టారు ఆ పొద్దున తనతో మోసుకొచ్చిన గుండె అది. డ్రిప్పు పెట్టకముందు.

స్టాంపు సారు టోపీ తీసినట్టుగా తల మీద చెయ్యి పెట్టుకున్నాడు. టోపీ లేదు.

"సరే," అన్నాడు చివరికి, గొంతు సవరించుకుని. "ఒక రోజు పొరపాటు. నర్సు మీద ఫైలు ఆపుతాను. రాస్తాను."

"ఒక రోజా?" ఫిల్మక్క లేచి నిలబడింది. ఎప్పుడూ తొందరపడని మనిషి గొంతులో మొదటిసారి వేడి పుట్టింది. "మీకింకా తేలలేదు సార్. బాగున్న మనిషి పడుకుంటాడు, బొమ్మ తేటగా వస్తుంది, మిగులుతుంది. జబ్బు ముదిరినవాడు పడుకోలేడు. బొమ్మ మసగ్గా వస్తుంది. చెత్తలోకి పోతుంది. ఈ గదిలో ఏళ్ళ తరబడి ఏరి ఏరి పారేస్తున్నది సరిగ్గా దేనికోసం వెతుకుతున్నామో దాన్నే! తప్పించుకునేది ఒక్క మొదటి నంబరు కానివాడే. తమ్ముడూ, ఇవాళ మొదటి నంబరు ఎవరిది?"

జెల్లు బాబాయి స్టాంపు సారు వైపు చూశాడు.

"మా ఆవిడ ఆలస్యం అయితే నీరసపడుతుందని," అన్నాడు స్టాంపు సారు నెమ్మదిగా, కలలో మాట్లాడేవాడిలా, "నేనే చెప్పి... మొదటి నంబరు వేయించాను."

"పడుకుందా తమ్ముడూ?"

"దగ్గు వచ్చిందక్కా. ఎడమ పక్కకి తిరగలేకపోయింది. ఎండకి అలిసిపోయానంది. మెట్ల మీద రెండుసార్లు ఆగిందట."

"రిపోర్టు?"

స్టాంపు సారు జేబులోంచి కాగితం తీసి విప్పాడు. కాగితం మీద అంకె ఫిల్మక్క దూరం నించే చదివింది. పంపింగు అరవై రెండు.

జెల్లు బాబాయి ఇవాళ్టి మొదటి పేరు తెరిచాడు. మిగిలినవి రెండు బొమ్మలు, రెండింటిలోనూ ఒకటే గుండె. చిన్నది, చక్కనిది, నిమిషానికి యాభై తొమ్మిది.

అడ్డంగా దారం.

గోడ గడియారం పదకొండూ ముప్పై మూడు చూపిస్తోంది.

స్టాంపు సారు ఫోను తీశాడు, పైన వార్డుకి. ఎంగేజు. మళ్ళీ. ఎంగేజు. ఫిల్మక్క తలుపు ఒక్క తోపు తోసింది. బెంచీ మీదున్న అత్తా కోడళ్ళు ఉలిక్కిపడి లేచారు.

"అమ్మాయ్! రెండో అంతస్తు, సారు గారి ఆవిడ. డ్రిప్పు ఆపు, పరుగెత్తు!"

నర్సు రెండడుగులు వేసి ఆగిపోయింది. నాలుగు రోజులుగా భయపెట్టీ పెట్టీ ఆ కాళ్ళకి అలా అలవాటు చేశారు. "ఏ పేషెంటు డ్రిప్పూ ముట్టుకోకూడదని నా చేత రాయించుకున్నారండీ... ఈయనే..."

"ముట్టుకో తల్లీ!" అని అరిచాడు స్టాంపు సారు. "నీకు దణ్ణం పెడతాను, ముట్టుకో! ఆపు!"

"నించుంటావేమే, వెళ్ళూ!" అని అత్తగారు వీపు మీద ఒక్కటి చరిచింది. కోడలు చెప్పులు అక్కడే వదిలేసి మెట్ల మీద మాయమైంది.

స్టాంపు సారు మాత్రం కదల్లేదు. గదిలోకే చూస్తున్నాడు. జెల్లు బాబాయి చెత్తబుట్టలోంచి ఇవాళ చెరిపిన బొమ్మ పైకి లాగాడు. బూడిదరంగు మంచు కురిసింది. ఆ మంచులో చాలా లోతున, నల్లటి నీటి పట్టీ మధ్యన, ఏదో మెల్లగా, మరీ మెల్లగా...

"అది కదులుతోందా అమ్మా?" అని అడిగాడు చిన్నపిల్లాడిలా.

"కదులుతోంది," అంది ఫిల్మక్క, ఆయన చంకలోంచి ఫైలు లాగేసుకుంటూ. "మీరూ కదలండి."